ముహూర్తం చీర: ఒక్క ధర వెనుక నాలుగు హామీలు

పెళ్లి కుదిరి లగ్నపత్రిక రాసుకున్నారంటే నెల్లూరు జిల్లాలోనైనా, ప్రకాశం జిల్లాలోనైనా ఇంట్లో ముందుగా తేలవలసిన విషయం బట్టలు ఎక్కడ తీయాలన్నదే. ఊళ్లో ట్రంకు రోడ్డు దుకాణాల్లో తీద్దామని ఒకరంటే, నేరుగా నేతగాళ్ల దగ్గరికి పాటూరో వెంకటగిరో పోదామని ఇంకొకరంటారు. తెల్లవారుజామున కారెక్కి 175 కిలోమీటర్ల దూరంలోని మద్రాసు టి.నగర్‌కు, అక్కడినుంచి మరో 75 కిలోమీటర్లు పోయి కంచికి వెళ్తే తప్ప పెళ్లికళ రాదని పెద్దవాళ్లు పట్టుబడతారు. ఈ తర్జనభర్జన అంతా ఊరి చుట్టూనే తిరుగుతుంది. చీరను ఏ ఊళ్లో కొన్నా దుకాణంలో వినిపించే మాట మాత్రం దాదాపు ఒకటే: ‘‘ప్యూర్ కంచి పట్టమ్మా, హ్యాండ్‌లూమ్, ఒరిజినల్ జరీ.’’

ఒక్క గుక్కలో చెప్పే ఈ వాక్యంలో నిజానికి నాలుగు హామీలున్నాయి. దారం పట్టుదారమేనన్నది మొదటిది. అంచులో మెరిసేది వెండి జరీ అన్నది రెండోది. చేతిమగ్గం మీద నేశారన్నది మూడోది. కంచిలో నేశారన్నది నాలుగోది. వీటిలో ఏ ఒక్కటి నిజమైనంత మాత్రాన తక్కిన మూడూ నిజం కావలసిన పని లేదు. అచ్చమైన పట్టుతో మరమగ్గం మీద నేసిన చీర ఉంటుంది. చేతిమగ్గం మీద నేసినా జరీ మాత్రం రాగిదైన చీర ఉంటుంది. పట్టూ, నేతా, జరీ మూడూ సవ్యంగా ఉండి, నేసింది మాత్రం కంచిలో కాక ధర్మవరంలోనో మరోచోటో అయిన చీర కూడా ఉంటుంది. ఒకే రంగులో, ఒకే వెడల్పు అంచుతో పక్కపక్కన పరచిన రెండు చీరల్లో ఒకటి 12,000 రూపాయలు, మరొకటి 45,000 రూపాయలు అన్నప్పుడు ఆ తేడా ఈ నాలుగింటిలో దేనివల్ల వచ్చిందో అడిగి తెలుసుకోకుండా బేరం మొదలుపెట్టడంలో అర్థం లేదు. చవక చీర మోసమూ కాదు, ఖరీదైన చీర గొప్పదీ కాదు. ఏది కొంటున్నామో తెలిసి కొంటే రెండూ సరైన కొనుగోళ్లే.

పట్టు అవునో కాదో తేల్చుకోవడం

నాలుగింటిలో తేలికగా తేలేది ఇదే. చీర లోపలి కొంగున, కనిపించని చోట, రెండు మూడు దారాలు లాగి అగ్గిపుల్లతో కాలిస్తే పట్టు వెంట్రుక కాలినట్టు కమురు వాసన వేస్తుంది. మంట తీసేస్తే దానంతటది ఆరిపోతుంది. మిగిలిన నల్లటి బూడిద వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలాగా ముద్దకడుతుంది. విస్కోస్ కాగితం కాలినట్టు కాలి, కాగితం వాసనే వేస్తుంది. అయితే పడుగు, పేక రెండింటి నుంచీ దారాలు తీసి విడివిడిగా కాల్చాలి. నిలువు దారాలు పట్టువి, అడ్డు దారాలు వేరేవి వేసి నేసిన చీరలు బజారులో బోలెడున్నాయి. దుకాణాల్లో ‘సెమీ పట్టు’, ‘ఆర్ట్ సిల్క్’, ‘బ్లెండెడ్’, ‘కంచి బోర్డర్’ అని పిలిచేవాటిలో పట్టు సగమే ఉండవచ్చు, బొత్తిగా లేకపోనూ వచ్చు. ‘సాఫ్ట్ సిల్క్’ అనే పేరుతో అచ్చమైన పట్టూ వస్తుంది, కానిదీ వస్తుంది కనుక ఆ పేరును బట్టి ఏ నిర్ణయానికీ రాలేము.

అమ్మేవాడి ముందు అగ్గిపుల్ల గీయడం మొహమాటమనిపిస్తే సిల్క్ మార్క్ చీటీ అడగవచ్చు. కేంద్ర పట్టు మండలి అండతో 2004లో మొదలైన ఈ గుర్తును హోలోగ్రామ్‌తో, ఒక్కో చీటీకి ఒక్కో సంఖ్యతో ఇస్తారు. చీటీ చీరకే కట్టి ఉందా, లేక కొట్టు గోడకు అతికించిన బోర్డు మీద మాత్రమే ఉందా అన్నది చూసుకోవాలి. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. సిల్క్ మార్క్ ఉంటే చీర అన్నివిధాలా అసలైనదని నమ్మేస్తారు. ఆ గుర్తు చెప్పేది ఒక్కటే: అది సహజమైన పట్టుదారం అని. జరీ వెండిదా రాగిదా, మగ్గం చేతిదా కరెంటుదా, ఊరు కంచా మరోటా అన్నవాటికి ఆ చీటీతో సంబంధం లేదు. నాలుగు హామీల్లో మొదటిదానికి అది రుజువు, అంతే.

జరీ దగ్గరే అసలు చిక్కు

డబ్బు ఎక్కువగా పోయేదీ, మాటలు ఎక్కువగా మారేదీ జరీ దగ్గరే. అసలు జరీ తయారీ ఇలా ఉంటుంది: సన్నటి వెండి తీగను నలగగొట్టి రిబ్బనులా పలచన చేసి, దాన్ని పట్టుదారం చుట్టూ చుట్టి, ఆపైన బంగారు పూత పూస్తారు. దేశంలో ఈ పనికి సూరత్ పేరెన్నిక గన్నది. బంగారం అన్న మాట విని ఆశపడవలసింది లేదు. జరీ మొత్తం బరువులో దాని వంతు ఒక శాతం లోపే ఉంటుంది. బరువులో ఎక్కువ వంతు వెండిదే. అందుకే వెండి ధర పెరిగినప్పుడల్లా పాత చీరతో పోల్చి ‘‘అప్పుడింతకే వచ్చిందే’’ అనుకోవడంలో న్యాయం లేదు. అసలు జరీ చీర ధర నేతకూలితో పాటు వెండి బజారుతోనూ కదులుతుంది.

దీని తరువాతి మెట్టు దుకాణాల్లో ‘టెస్టెడ్ జరీ’ అనో ‘హాఫ్ ఫైన్ జరీ’ అనో వినిపిస్తుంది. ఇందులో తీగ రాగిది, పైన వెండి పూత, ఆ పైన బంగారు రంగు. ‘టెస్టెడ్’ అంటే ఎవరో పరీక్షించి మంచిదని తేల్చారన్నట్టు ధ్వనిస్తుంది కాబట్టి కొనేవాళ్లు దాన్నే అసలు జరీ అనుకోవడం మామూలైపోయింది. కొట్లో కుర్రాడు అబద్ధం ఆడలేదు, కొనేవారికి నిజమూ తెలియలేదు. ఇక ఆఖరి మెట్టు ప్లాస్టిక్ పొర మీద లోహపు మెరుపు అద్దిన జరీ. ఇది తేలిగ్గా ఉంటుంది, నల్లబడదు, చవక. బంధువులకు పెట్టే పెట్టుబడి చీరలకు ఇది చాలు. ముహూర్తం చీర ధర చెల్లించి దీన్ని ఇంటికి తెచ్చుకోవడం మాత్రం నష్టం.

తేడా కనిపెట్టడానికి ఇంటి పద్ధతి ఒకటుంది. కొంగు చివర వేలాడే జరీ పోగు ఒకటి తీసి గోటితో మెల్లగా గీకితే పైచుట్టు విడిపోయి నడుమ దారం బయటపడుతుంది. కంచి జరీలో ఆ దారం సాధారణంగా ఎర్రటి పట్టుదారం. దాన్ని కాల్చి చూస్తే పట్టు వాసనే రావాలి. నడుమ తెల్ల దారమో, ప్లాస్టిక్ పోగో కనబడితే అది అసలు జరీ కాదు. పైచుట్టును గట్టిగా రుద్దినప్పుడు తెల్లగా వెండి కనిపిస్తోందా, ఎర్రగా రాగి తేలుతోందా అన్నది రెండో ఆనవాలు. ఇంతకంటే రూఢిగా తెలియాలంటే నగల దుకాణాల్లో బంగారం నాణ్యత చూసే ఎక్స్‌రే యంత్రమే జరీలోని వెండి పాళ్లనూ చెప్పగలదు. కంచిలో జరీ పరీక్షకు సదుపాయం ఉంది. ఊళ్లో తెలిసిన నగల వ్యాపారి ఉంటే అక్కడా అడగవచ్చు. 40,000 రూపాయలు పైబడిన చీరకు ఈ మాత్రం శ్రమ అతి కాదని నా అభిప్రాయం.

అసలు జరీకి మరో లక్షణం కూడా ఉంది. గట్టి జరీ పట్టుచీరలు చిరిగిపోయాక కూడా వాటిని తూచి, జరీలోని వెండికి లెక్కకట్టి డబ్బిచ్చే పాత జరీ కొనుగోలుదారులు ఉన్నారు. అమ్మమ్మల నాటి చీరలు కొన్ని అలా బీరువాల్లోంచి వెళ్లిపోయినవే. టెస్టెడ్ జరీకి ఆ విలువ లేదు. కాబట్టి అసలు జరీ చీరకు పెట్టే ధరలో కొంత భాగం వెండి రూపంలో మిగిలే ఉంటుందనీ, తక్కిన జరీల్లో ధర మొత్తం ఖర్చు కిందికే పోతుందనీ గ్రహించాలి. అయితే కొట్లో కొన్న ధరలో చాలా చిన్న వంతు మాత్రమే తిరిగి వస్తుంది. ‘మదుపు’ అనుకుని పట్టుచీర కొనమనే సలహా వినకపోవడమే మంచిది.

చేతిమగ్గమా, మరమగ్గమా

ఈ హామీని రుజువు చేసుకోవాలంటే చీరను తిప్పి చూడాలి. అంచు ఒక రంగు, ఒళ్లు మరో రంగు ఉన్న చీరను చేతిమగ్గం మీద నేసేటప్పుడు కంచివాళ్లు అంచుకు వేరే నాడె (పేక దారాన్ని అటూఇటూ నడిపే సాధనం), ఒంటికి వేరే నాడె వాడి, రెండు రంగుల పేక దారాలను కలిసేచోట ఒకదాంట్లో ఒకటి మెలివేస్తారు. దీన్ని కోర్వై అంటారు. నేతగాడికి ఎదుటి అంచు దగ్గర నాడె అందించడానికి ఇంకొకరు కూర్చోవాలి. ఇదే సూత్రంతో మన చీరాల మగ్గాల మీద నేసేది కుప్పడం. కోర్వై, కుప్పడం చీరల్లో అంచు కలిసేచోట వేలితో తడిమితే చిన్న గట్టులా తగులుతుంది. రెండువైపులా రంగు పూర్తిగా విడిపోయి ఉంటుంది, ఒంటి రంగు అంచులోకి చొరబడదు. ఒకే నాడెతో నేసిన చీరలో ఒంటి పేక రంగే అంచులోనూ అడుగున లీలగా కనబడి అంచు రంగు కాస్త మసకబారుతుంది. కొంగు మొదలయ్యేచోట కూడా ఇలాంటి పని ఉంది. ఒంటి పడుగు దారాలను కొంగు రంగు పడుగు దారాలతో ఒక్కొక్కటిగా కలిపితే అక్కడ సన్నటి అడ్డగీత ఏర్పడుతుంది. ఈ గీత లోపం కాదు, అదే ఆనవాలు.

మరొక గుర్తు చీర రెండు అంచుల వెంట ఉంటుంది. చేతిమగ్గం మీద గుడ్డ ముడుచుకుపోకుండా సూదిమొనలున్న ఒక కర్రతో అంచులను సాగదీసి పట్టి ఉంచుతారు. ఆ మొనలు దిగిన చిన్న చిన్న రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. ఎక్కడో ఒక పోగు కొద్దిగా లావుగా ఉండటం, పువ్వు బుటా ఒకటి మరోదానితో అచ్చు గుద్దినట్టు కలవకపోవడం చేతిపనిలో సహజం. చేనేత మార్కు చీటీ 2006 నుంచి, ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ 2015 ఆగస్టు 7 నుంచి అమలులో ఉన్నాయి. సిల్క్ మార్క్‌తో పాటు వీటిలో ఏదైనా ఉంటే చేతిమగ్గం అన్న హామీకీ రుజువు దొరికినట్టే. కొన్ని రకాల చీరలను చేతిమగ్గానికే కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది. దాని అమలు అంతంత మాత్రమే కనుక బజారులో కనిపించేవన్నీ ఆ చట్టానికి లోబడి వచ్చినవేనని అనుకోలేం.

మరమగ్గం పట్టుచీరను తీసిపారేయడం కూడా నాకు సమ్మతం కాదు. అచ్చమైన పట్టు, నునుపైన నేత, తక్కువ ధర. రిసెప్షన్‌కు ఒకసారి కట్టి తరువాత శుభకార్యాలకు వాడుకునే చీరగా అది చాలా సరిపోతుంది. అభ్యంతరమల్లా దాన్ని చేనేత ధరకు అమ్మినప్పుడే.

ఊరి పేరు, మన ఊళ్లు

కంచి పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. వెంకటగిరి, ఉప్పాడ, ధర్మవరం చీరలకూ ఉంది. ఈ గుర్తింపు ఉన్న పేరును వేరేచోట నేసినదానికి పెట్టి అమ్మకూడదు. అలా అని కంచి వీధిలో కొన్నదంతా కంచిలో నేసిందే అనుకోనవసరం లేదు. ఇతర ఊళ్ల చీరలు అక్కడికీ చేరతాయి. అక్కడ సహకార సంఘాల దుకాణాల్లో కొంటే రసీదులో జరీ రకం రాయించుకోవడం తేలిక. ప్రైవేటు దుకాణంలోనూ రాయమని అడిగితే తప్పులేదు.

మన జిల్లాల సంగతికి వస్తే, 2022 ఏప్రిల్‌లో జరిగిన విభజనలో వెంకటగిరి తిరుపతి జిల్లాలోకీ, చీరాల బాపట్ల జిల్లాలోకీ వెళ్లాయి. కాగితం మీద పొరుగు జిల్లాలైనా పెళ్లి బజారుకు ఇవి ఇప్పటికీ నెల్లూరు, ఒంగోలు వాసుల సొంత ఊళ్లే. వెలుగోటి సంస్థానాధీశుల ఆదరణలో ఎదిగిన వెంకటగిరి నేత మొదట సన్నపు నూలుకు ప్రసిద్ధి. కొంగులో జాందానీ పద్ధతిలో హంసనో, చిలకనో, మామిడి పిందెనో విడిగా చేత్తో పోగు చొప్పించి నేస్తారు. వెనక్కి తిప్పి చూసినా బొమ్మ దాదాపు అంతే శుభ్రంగా ఉంటుంది. ఇప్పుడు పట్టులోనూ, పట్టు నూలు కలిపీ నేస్తున్నారు. కోవూరు మండలంలోని పాటూరు నెల్లూరుకు కూతవేటు దూరంలో ఉన్న నేత గ్రామం. పని నడుస్తుండగా మగ్గం మీదే చూసి కొనే వీలు అక్కడ ఉంది.

నా మాట అడిగితే వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్లికి కంచి భారీ చీర ఒక్కదాని మీదే మోజు పెట్టుకోవద్దంటాను. ముహూర్తం చీర బరువు అర కిలో నుంచి కిలో దాకా ఉంటుంది. నెల్లూరు రోహిణి కార్తె ఎండలో, హోమగుండం పక్కన, మగ్గం పని జాకెట్టు మీద ఆ బరువు కట్టుకుని గంటలకొద్దీ పీటల మీద కూర్చోవడం పెళ్లికూతురికి శిక్షే. ముహూర్తానికి ఒక మాదిరి బరువు చీర, తరువాతి తంతులకు వెంకటగిరి పట్టులాంటి తేలికపాటిది అన్న ఏర్పాటు డబ్బుకూ, ఒంటికీ రెండింటికీ మంచిది. తలంబ్రాల వేళకు ఎలాగూ మధుపర్కాలు ఉంటాయి. పసుపులో ముంచిన ఆ నూలు బట్టలకు అయ్యే ఖర్చు స్వల్పమే అయినా, దొరకలేదంటే ముందురోజు ఊరంతా తిరగవలసి వస్తుంది.

ఆర్డరు ఇచ్చి నేయించుకోవడం

అంగట్లో ఉన్నవి నచ్చక కోరిన రంగులో నేయించుకోవాలనుకునేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. కంచి తరహా మగ్గం మీద సాధారణంగా ఒక పడుగు మూడు చీరలకు సరిపడా ఉంటుంది. మీరు అడిగిన ఒక్క చీర కోసం ప్రత్యేకంగా రంగద్దిన పడుగు ఎక్కిస్తే తక్కిన రెండు చీరలు ఎవరికో అమ్మాలి, లేదా ఆ భారం మీ ధరలోనే కలవాలి. అందుకే విడి రంగు ఆర్డరుకు నేతగాడు వెంటనే ఒప్పుకోడు. మార్గం ఏమిటంటే, ఇప్పటికే మగ్గం మీదున్న పడుగు రంగును ఒప్పుకుని, పేక రంగు, అంచు, కొంగు మాత్రం మనకు నచ్చినట్టు వేయించుకోవడం. పడుగు ఎరుపు, పేక పసుపు అయితే ఎండలో ఒక ఛాయ, నీడలో మరో ఛాయ వచ్చే దూప్‌ఛావ్ చీర వస్తుంది. లేదంటే అక్కాచెల్లెళ్లు, వదినామరదళ్లు ముగ్గురు కలిసి ఒకే పడుగు మీద మూడు చీరలు చెప్పించుకుంటే భారం పంచుకోవచ్చు.

ఇలాంటి ఆర్డరులో రంగును ఫోనులో చూసి ఖాయం చేయడం తగదు. అమెరికాలో ఉన్న పెళ్లికూతురు వీడియో కాల్‌లో చూసి ‘‘అత్తా, ఇదే’’ అని తలూపిన రాణి రంగు, ఇంటికి వచ్చాక వంకాయ రంగుగా తేలడం మామూలే. దుకాణపు తెల్లటి దీపాలు ఎరుపును, నారింజను ఒకలా, నీలాన్ని మరోలా చూపిస్తాయి. చీర మడతను వాకిట్లోకి తెచ్చి పగటి వెలుతురులో చూడాలి. నేయించేటప్పుడైతే దారపు చుట్ట లేదా గుడ్డముక్క నమూనా ఒకటి నేతగాడి దగ్గర, దాని జత మన దగ్గర ఉండాలి. బయానా ఇచ్చేటప్పుడు రాసుకునే కాగితంలో చీర పొడవు, జాకెట్టు ముక్కతో కలిపి ఎంత, జరీ రకం, బరువు, ఇచ్చే తేదీ ఉండాలి. జాకెట్టు ముక్కతో కలిపి ఆరుంబావు మీటర్లకు అటూఇటూ ఉండటం సాధారణం. ఎత్తైన అమ్మాయికి కుచ్చిళ్లు సరిపోవాలంటే ఈ కొలత ముందే చెప్పాలి.

గడువు లెక్క ముహూర్తం నుంచి వెనక్కి కట్టుకోవాలి. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు, బజారు ఖాళీగా ఉంటుంది, నేతగాడికీ దర్జీకీ తీరిక దొరుకుతుంది. ఆషాఢం తగ్గింపు అమ్మకాల్లో ముహూర్తం చీర దొరుకుతుందని ఆశించడం కంటే, ఆ నెలను శ్రావణం, మాఘం పెళ్లిళ్లకు ఆర్డర్లు ఇవ్వడానికి వాడుకోవడం తెలివైన పని. తగ్గింపులో వచ్చే సరుకు ఎక్కువగా పెట్టుబడి చీరలకు పనికొస్తుంది. పెట్టుబడుల విషయంలో అంతకంటే చెప్పేదేమీ లేదు. జాబితా ముందే రాసుకుని ఒకే కొట్లో గంపగుత్తగా కొంటే ధర తగ్గుతుంది, వియ్యంకుల వైపు ఎవరినీ మరిచిపోకపోతే చాలు.

జాకెట్టు దగ్గర ఆగే బండి

చీర సకాలానికి ఇంటికొచ్చినా పని ముగియదు. చాలా పెళ్లిళ్లలో ఆలస్యం జరిగేది జాకెట్టు దగ్గరే. మగ్గం పని జాకెట్టు ఎలా తయారవుతుందో చూస్తే కారణం తెలుస్తుంది. ముందు ఆది జాకెట్టును బట్టి గుడ్డ మీద మెడ, భుజం, చేతుల కొలతలు గీస్తారు. డిజైనును ట్రేసింగ్ కాగితం మీద వేసి, గీత వెంబడి సూదితో సన్నటి రంధ్రాలు పొడిచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని దాని మీద రుద్దితే చుక్కల రూపంలో గుడ్డ మీదికి దిగుతుంది. ఆ గుడ్డను చెక్క చట్రానికి బిగుతుగా కట్టి, కొక్కెం సూదితో పూసలు, కుందన్లు, జర్దోసీ తీగ ఒక్కొక్కటిగా కుడతారు. ఇదంతా అయ్యాకే కత్తిరించి, లైనింగు వేసి కుట్టడం. అంటే మొదట గీసిన కొలత తప్పయితే పని పూర్తయ్యాక సరిదిద్దే దారి దాదాపు లేదు. కుట్టు పడే గీత మీద పూసలుంటే మిషను సూది విరుగుతుంది కాబట్టి, లోపల కుట్టు కోసం గుడ్డ ఎంత వదలాలన్నదీ ముందే తేలాలి.

ఆది జాకెట్టుగా రెండేళ్ల కిందటిది ఇచ్చి ‘‘దీని ప్రకారమే కుట్టండి’’ అనడం వల్లనే సగం తంటాలు వస్తాయి. పెళ్లి కుదిరిన తరువాత కొందరు తగ్గుతారు, కొందరు పెరుగుతారు. మగ్గం పనికి ఇచ్చే ముందు చవక లైనింగు గుడ్డతో ఒక జాకెట్టు కుట్టించి వేసి చూసుకుంటే, దానికయ్యే కొద్దిపాటి ఖర్చు పెద్ద నష్టాన్ని తప్పిస్తుంది. చీరతో వచ్చిన జాకెట్టు ముక్కనే మగ్గానికి ఇవ్వాలా, అదే రంగు రా సిల్క్ తెచ్చి ఇవ్వాలా అన్నది మరో ప్రశ్న. బరువైన పనికి పలచటి ముక్క నిలవదు, లాగుతుంది. అలాంటప్పుడు వేరే గుడ్డే మేలు. చీర ఫాల్ గుడ్డను కుట్టేముందు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి ఇస్త్రీ చేయకపోతే, తరువాత అది ముడుచుకుని అంచు మొత్తాన్ని లాగేస్తుంది. ఈ చిన్న పని పికో కొట్టేవాళ్లు చేస్తారులే అనుకోకుండా అడిగి చేయించాలి.

పట్టుచీర కాని పెళ్లిబట్టలు

19వ శతాబ్దంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వేళ్లూనిన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో క్రైస్తవ వివాహాలు ఎక్కువే. అక్కడ తెల్ల చీర లేదా గౌను తీయాలి. తెలుపు కొనడం ఎరుపు కొనడం కంటే కష్టం. పట్టు సహజంగా మీగడ రంగులో ఉంటుంది. పాలతెలుపు రావాలంటే రంగు తీసేసి మెరుపుమందు వేయాలి, ఆ తెలుపు కాలక్రమేణా పసుపెక్కుతుంది. చీర, ముసుగు, చేతితొడుగులు వేర్వేరు చోట్ల కొంటే మూడూ మూడు తెలుపులై ఫొటోల్లో బయటపడతాయి. మూడింటినీ ఒకే వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడటమే దానికి మందు. నిఖాకు వేసుకునే షరారా, గరారాలు ఎక్కువగా పెళ్లికొడుకు వైపు నుంచే వస్తాయి కనుక, పెళ్లికూతురి కొలతలు సకాలంలో అటు చేరకపోతే చివరి రోజుల్లో దర్జీ కోసం పరుగులు తప్పవు.

కుట్టిన బట్టలకూ చీరకూ పన్నులో కూడా తేడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన రెడీమేడ్ దుస్తులకు జీఎస్టీ 18 శాతం. చీర గుడ్డ కింద లెక్క కాబట్టి ధర ఎంతైనా 5 శాతమే. అంటే 50,000 రూపాయల లెహంగాకు 9,000 రూపాయల పన్ను, అదే ధర చీరకు 2,500 రూపాయల పన్ను. ఒక్క సాయంత్రానికి వేసుకునే లెహంగాను, షేర్వానీని అద్దెకు తెచ్చుకునే అలవాటు మన పట్నాల్లోనూ పెరగడానికి ఈ లెక్క కూడా తోడవుతుంది.

రసీదులో ఏముండాలి

పైన చెప్పుకున్న నాలుగు హామీలూ నోటిమాటగా ఉన్నంతకాలం వాటికి బలం లేదు. రసీదులో ‘సిల్క్ శారీ’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే పట్టు అన్న హామీ మాత్రమే మిగిలినట్టు. ‘అసలు వెండి జరీ’, ‘చేతిమగ్గం’, ‘కంచి’ అన్న మాటలు కూడా రాయమని అడగాలి. అబద్ధం చెప్పే వ్యాపారి అక్కడే తడబడతాడు. నిజం చెప్పేవాడికి రాయడంలో ఇబ్బంది ఉండదు. బిల్లు లేకుండా తీసుకుంటే పన్ను కలిసొస్తుందన్న ఆశ చూపేవాళ్లకు లొంగితే, రేపు ఫిర్యాదు చేయడానికి చేతిలో కాగితమే ఉండదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. కాబట్టి ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర లోపమున్న చీరకు వర్తించదు. అయితే ఇంటికొచ్చాక రంగు నచ్చలేదనో, అత్తగారు పెదవి విరిచారనో వెనక్కి ఇచ్చే హక్కును ఈ చట్టం కల్పించదు. జాకెట్టు కుట్టే పని కూడా సేవ కిందికే వస్తుంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. కంచిలో కొన్నా, మద్రాసులో కొన్నా మనం ఉండే చోటనే ఫిర్యాదు చేసుకోవచ్చు. రెండేళ్లలోపు చేయాలి. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు. అంతకుముందు 1915 నంబరుకు ఫోను చేస్తే కొన్ని తగాదాలు అక్కడే తేలిపోతాయి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చీరలకు పార్సిల్ విప్పుతున్నప్పటి వీడియో కావాలని చాలామంది అమ్మకందారులు షరతు పెడుతున్నారు కనుక, విప్పేముందే ఫోను సిద్ధంగా పెట్టుకోవాలి.

ఫాల్ కుట్టించాక, జాకెట్టు ముక్క కత్తిరించాక, కొంగుకు కుచ్చులు వేయించాక లోపం బయటపడితే అది ముందునుంచీ ఉందని రుజువు చేయడం కష్టమవుతుంది. దారం కాల్చి చూడటం, జరీ గీకి చూడటం, అంచు తిప్పి చూడటం, పొడవు కొలవడం అన్నీ చీర ఇంటికొచ్చిన వారంలోపు, దాని మీద కత్తెర పడకముందే ముగించుకోవాలి.